సితార చెవి

సితార అనే గుర్రానికి ఎడమ చెవి అంచున చింతాకంత గంటు ఉండేది. దాన్ని నేను మొదటిసారి చూసింది 1974 మే నెలాఖరున, రాజమండ్రి ఇన్నీసుపేటలో మా పెరటి గోడ మీద కూర్చుని. ఆ చెవిని చేత్తో తాకగలిగింది శ్రావణం చివర్లో. ఈ రెండింటికీ నడుమ రెండున్నర నెలలు గడిచాయి. అరవై ఏళ్ళు దాటిన నా బతుకులో అంత ఓపికగా నేను చేసిన పని మరొకటి లేదు.

మా గోడకు అవతలే సాయిబు గారి గుర్రాల సాల. సాల అంటే పెద్దదేమీ కాదు. ఒక తాటాకు పాక, దాని ముందు కాస్త ఖాళీ జాగా, మూలన నీళ్ళ తొట్టి, ఒక వేపచెట్టు, వీధి వైపు వెదురు తడిక. పాక పక్కన కోలలు పైకి లేపుకుని జట్కా నిలబడి ఉండేది. మా వీధి ఆడపిల్లలం ఆరుగురం ఆ జట్కాలోనే దానవాయిపేటలోని బడికి వెళ్ళేవాళ్ళం. నెలకింతని మాట్లాడుకున్న బండి. లోపల ఎండుగడ్డి పరిచి పైన గోనెపట్టా వేసేవారు. గోనె సందుల్లోంచి గడ్డిపరకలు పొడుచుకొచ్చి పిక్కలకు గుచ్చుకునేవి. రెండు చక్రాల బండి కదా, బరువు వెనక్కి పోతే కోలలు పైకి లేస్తాయి, గుర్రం పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది. అందుకని ఎత్తు ఎక్కేటప్పుడల్లా "ముందుకు జరగండమ్మా" అని సాయిబు గారు కేక వేసేవారు. ఆ కేక వినపడగానే ఆరుగురమూ ఒకరి మీద ఒకరు పడుతూ ముందుకు జరిగేవాళ్ళం.

ఆ ఏడు వేసవిలో ముసలి గుర్రానికి ముందు కాలి కీలు వాచింది. కోటగుమ్మం చేరేసరికే కుంటేది. సాయిబు గారు ఎక్కడికో వెళ్ళి మూడో రోజున ఒక ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చారు. జేగురు రంగు, అయిదారేళ్ళ వయసు, నుదుట తెల్లని చుక్క. చుక్క ఉంది కనుక సితార అని పేరు పెట్టారు. చవగ్గా దొరికిందట. సుడి మంచిది కాదని బేరగాళ్ళు వదిలేసిన గుర్రం. ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట్లను చూసి, ఆ గుర్రం యజమానికి కలిసొస్తుందో రాదో చెప్పడం అప్పట్లో బేరంలో భాగం. మా నాయనమ్మ గోడ మీదుగా ఆ సంగతి ఎత్తితే, "సుడి దాని తప్పా అమ్మగారూ? దేవుడు అలా దువ్వాడు" అన్నారాయన.

చిక్కు సుడిలో లేదు, చెవిలో ఉంది. మాట వినని గుర్రానికి కొందరు చెవి మెలిపెట్టి పట్టుకుంటారు. నొప్పికి అది కొయ్యబారి నిలబడుతుంది. అప్పటికి పని జరుగుతుంది. కానీ ఆ తర్వాత ఆ గుర్రం తల దగ్గరికి ఎవరి చెయ్యి వచ్చినా ఆ నొప్పే వస్తోందనుకుంటుంది. కళ్ళెం తొడగాలంటే తలపట్టీ చెవుల మీదుగా దాటాలి కదా. సితార ముఖం వైపు చెయ్యి లేస్తే చాలు, చెవులు రెండూ మెడకు అతికించి, మెడ చాచి, పళ్ళతో అందుకోబోయేది. లేదా గిర్రున తిరిగి వెనుక కాళ్ళు విసిరేది. లాడాలు కొట్టడానికి వచ్చినాయన తొట్టి వెనక్కి దూకి బయటపడ్డాడు. దీన్ని తిరిగి ఇచ్చేయమని సాయిబు గారికి చెప్పి, పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇవ్వలేదు. ముసలి గుర్రం కాలికి కట్టు కట్టి, సగం మందినే ఎక్కించుకుని రెండు దఫాలుగా బడికి తిప్పడం మొదలుపెట్టారు. సితారను మాత్రం కట్టుకొయ్యకు కూడా కట్టకుండా జాగాలో వదిలేశారు. ఎందుకని అడిగితే, "కట్టేస్తే పారిపోలేదు బేటీ. పారిపోలేని గుర్రమే కరుస్తుంది" అన్నారు.

నేనప్పుడు ఏడో తరగతిలోకి వచ్చాను. ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పాలని నాన్నగారి ఆజ్ఞ. ఆయన కోర్టులో గుమాస్తా, లెక్క తప్పితే ఊరుకునే మనిషి కాదు. సాయంత్రాలు గోడ మీద కూర్చుని వల్లె వేసేదాన్ని. ఒకనాడు సాయిబు గారు పొయ్యి మీద ఉలవలు ఉడికిస్తూ, "ఆపకు" అన్నారు. ఎందుకో తెలియక ఆపేశాను. "ఆపకు అన్నాను కదా. దాని చెవి చూడు."

సితార మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. కుడి చెవి పాక వైపు ఉంది. గంటున్న ఎడమ చెవి మాత్రం వెనక్కి, నా వైపు తిరిగి ఉంది. నేను మళ్ళీ పదమూడు ఒకట్ల పదమూడు అని అందుకోగానే ఆ చెవి కొన సన్నగా కదిలింది. గుర్రం చెవులు దేనికది విడిగా తిరుగుతాయని అప్పుడు తెలిసింది. "చెవి ఎటు ఉంటే మనసు అటు ఉన్నట్టు" అన్నారాయన. మర్నాడు నన్ను గోడ దిగి రమ్మన్నారు.

మొదటి పాఠం గుర్రం లేని చోట జరిగింది. తడిక బయట వీధిలో తానే గుర్రంలా నిలబడి, "నా దగ్గరికి రా" అన్నారు. నేను చెయ్యి చాచి, ఆయన ముఖంలోకి చూసి నవ్వుతూ సూటిగా నడిచాను.

"పులి" అన్నారాయన. "పులి ఇలాగే వస్తుంది. సూటిగా, కళ్ళలోకి చూస్తూ, ముందు కాలు చాచి వస్తుంది. పళ్ళు కూడా చూపిస్తుంది."

మళ్ళీ రమ్మన్నారు. ఈసారి వంపు తిరిగి, భుజం వైపు నుంచి. చూపు నేల మీద. చేతులు కిందికి వదిలి, వేళ్ళు సడలించి. "బొడ్డు ఎటు చూస్తే నువ్వు అటు వస్తున్నావని దాని లెక్క. కాస్త పక్కకు తిప్పు" అన్నారు. ఎదురుగా నిలబడవద్దు, వెనుక నుంచి అసలే రావద్దు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ ఉన్నది దాదాపు అంతా దానికి కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ముందు కొంత మేర, తోక వెనుక కొంత మేర మాత్రం కనిపించవు. మనం ప్రేమగా నుదురు నిమరాలని చాచిన చెయ్యి చివరి క్షణంలో దాని చూపులోంచి మాయమైపోతుంది. చూపులోంచి మాయమైన చేతినే అది కరుస్తుంది. ఈ సంగతి తెలిశాక సితార పొగరుబోతు అని ఎవరైనా అంటే నాకు ఏడుపొచ్చేది.

బెల్లం ముక్క తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. "బెల్లం చూపిస్తే బెల్లం దగ్గరికి వస్తుంది. నీ దగ్గరికి ఎప్పుడు వస్తుంది?" అన్నారు.

ఆ పది పన్నెండు రోజులు నేను చేసిందల్లా సాలలో ఒక వారగా నిలబడటం. చెప్పడానికి ఇంతే. నిలబడి చూస్తే తెలుస్తుంది. నా ఒంట్లో ఎన్ని కదలికలున్నాయో నాకు అంతవరకూ తెలియదు. జడ ముందుకు వేసుకోవడం, వేలు నోట్లో పెట్టుకోవడం, దోమను చరచడం, బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చడం. ప్రతిదానికీ సితార తల ఎత్తేది. ఈగ వాలితే సరిగ్గా ఆ ఒక్క చోటే చర్మాన్ని వణికించి దాన్ని తోలేస్తుంది గుర్రం. "ఈగ బరువు తెలిసే ఒంటికి కొరడా బరువు ఎంత ఉంటుందో ఆలోచించు" అని సాయిబు గారు ఒకసారి అన్న మాట నాకు ఈనాటికీ చెవిలో ఉంది. ఆయన జట్కాలో కొరడా ఉండేది. గాలిలో ఆడించడమే తప్ప గుర్రం మీద పడగా నేను చూడలేదు.

ఆయన నేర్పిన వాటిలో అన్నిటికంటే వింతగా అనిపించింది ఒకటుంది. సితార తల తిప్పి నావైపు చూసిన క్షణంలోనే నేను ఒక అడుగు వెనక్కి వేయాలి. అది చూస్తే దగ్గరికి వెళ్ళాలనిపిస్తుంది కదా, ఆయన వెనక్కి వెళ్ళమంటారు. దానికి మనం ఇవ్వగలిగిన పెద్ద కానుక మన దూరమే. చూస్తే దూరం పెరుగుతోందని తెలిశాక, అది చూడటానికి భయపడటం మానేసింది. చూపు నిలిచింది. తర్వాత అదే ఒక అడుగు ముందుకు వేసింది. నాలుక బయట పెట్టి పెదవులు తడుపుకుంటూ, ఏమీ లేకుండానే నమిలింది. వెనుక కాలు ఒకటి మడిచి గిట్ట కొన మీద ఆనించింది. సాయిబు గారు పొయ్యి దగ్గర నుంచే చూసి, "కాలు మడిచిందంటే ఇప్పుడే పరుగెత్తాలని అనుకోవడం లేదు" అని నెమ్మదిగా చెప్పారు.

రాత్రి నాయనమ్మ పక్కన పడుకుని ఇవన్నీ చెప్పేదాన్ని. ఆమె భారతంలోని మాట చెప్పేది. అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరాటరాజు గుర్రాలను చూసుకున్నాడు, ఎంత పెంకి గుర్రమైనా ఆయన చేతిలో మెత్తబడేదట. "నకులుడికి గుర్రాల భాష తెలుసా?" అని అడిగితే, "భాష ఎందుకే, రాజ్యం పోయి, పేరు మార్చుకుని, తలవంచుకుని నిలబడినవాడు. గుర్రాలకు ఆ నిలబడటం నచ్చి ఉంటుంది" అంది. అంత మంచి వ్యాఖ్యానం ఆ తర్వాత నేను ఎక్కడా వినలేదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం తుంపర మొదలైంది. సితార నాకు చేయి చాచినంత దూరంలో నిలబడి ఉంది. నాన్నగారు కోర్టు నుంచి వచ్చి, నేను ఇంట్లో లేనని తెలిసి, తడిక దగ్గరికి వచ్చారు. వాన పెద్దది కావడంతో నల్లగొడుగు టప్పున తెరిచారు.

తర్వాత జరిగింది నాకు ముక్కలుగానే గుర్తుంది. సితార గిర్రున తిరిగింది. దాని భుజం నాకు తగిలింది. తొట్టి అంచుకు మోచెయ్యి కొట్టుకుంది. చొక్కా చెయ్యి ఎర్రబడింది. సాయిబు గారు గుర్రాన్ని ఒక్క మాట అనలేదు, కొట్టలేదు. నన్ను ఎత్తుకుని తడిక దాటించి నాన్నగారికి అప్పగించారు. ఆ రాత్రి మా ఇంట్లో గోడ ఎక్కడం కూడా నిషిద్ధమైంది.

పది రోజుల తర్వాత నాయనమ్మ నాన్నగారితో ఏమి మాట్లాడిందో తెలియదు కానీ, తాను కూడా వచ్చి నిలబడతానన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నారు. కోర్టు నుంచి వచ్చి, కాఫీ తాగి, గొడుగు చంకలో పెట్టుకుని తడిక దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవారు. మొదటి రోజునే సాయిబు గారు ఎంతో మర్యాదగా, "గుమాస్తా గారూ, గొడుగు ఇంట్లో పెట్టి రండి. చేతులు కిందికి వదలండి" అన్నారు. నాన్నగారికి ఎవరైనా అలా చెప్పడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన వెళ్ళి గొడుగు వసారాలో పెట్టి వచ్చారు.

అయినా సితార నా దగ్గరికి రాలేదు. సాల చివర నిలబడి, చెవులు నిక్కించి నన్నే చూసేది. నేను అన్నీ సరిగ్గానే చేస్తున్నాను. వంపు తిరిగే నడిచాను, నేలనే చూశాను, చేతులు వదులుగానే ఉంచాను. ఏడుపు ఆపుకుంటూ సాయిబు గారిని అడిగాను. ఆయన నా వీపు మీద అరచెయ్యి పెట్టి, "ఊపిరి ఎక్కడుంది బేటీ?" అన్నారు. నిజమే. ఊపిరి బిగబట్టి ఉన్నాను. గొడుగు ఎక్కడి నుంచో తెరుచుకుంటుందని నా ఒళ్ళు ఎదురుచూస్తోంది.

2009లో స్వీడన్‌లో చేసిన ఒక పరిశోధన గురించి చాలా ఏళ్ళకు చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. కొందరి చేత గుర్రాలను ఒక చోటి నుంచి మరో చోటికి నాలుగుసార్లు నడిపించారు. నాలుగోసారి దారిలో గొడుగు తెరుస్తామని వాళ్ళకు ముందే చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా ఆ నాలుగోసారి మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళ పక్కన నడిచిన గుర్రాల గుండె వేగమూ పెరిగింది. ఆ పరిశోధకులు గొడుగునే ఎందుకు ఎంచుకున్నారో కానీ, నాకు మాత్రం అది మా సాలలో జరిగినట్టే అనిపించింది. గొడుగు వసారాలో ఉంది. సితారకు మాత్రం అది నా భుజాల్లో, నా మెడలో, నా ఊపిరిలో కనిపిస్తోంది.

సాయిబు గారికి ఏ పరిశోధనా అక్కరలేకపోయింది. నన్ను భయపడవద్దని ఆయన అనలేదు. వద్దంటే పోయే వస్తువు కాదని ఆయనకు తెలుసు. బోర్లించిన గంప మీద, సితారకు వీపు పెట్టి కూర్చోమన్నారు. "గుర్రాన్ని మర్చిపో. ఎక్కాలు చదువు. ఒక్కో వరుసకు ఒక్కో ఊపిరి."

పదమూడో ఎక్కం అయింది. పద్నాలుగు, పదిహేను. ఊపిరి వరుసల వెంట నడవసాగింది. పదిహేడు దగ్గర తప్పాను, మళ్ళీ మొదలుపెట్టాను. అలా రెండు సాయంత్రాలు గడిచాయి. మూడో సాయంత్రం పద్దెనిమిదో ఎక్కం మధ్యలో నా మెడ వెనుక వెచ్చగా, ఉలవల వాసనతో గాలి తగిలింది. నేను పద్దెనిమిది తొమ్మిదులు ఎంతో చెప్పలేక, ఆగితే ఏమవుతుందో తెలియక, పద్దెనిమిది తొమ్మిదులు, పద్దెనిమిది తొమ్మిదులు అని అదే మాట అంటూ కూర్చున్నాను. తడిక దగ్గర నుంచి నాన్నగారు పెదవులు కదిలీ కదలకుండా, "నూట అరవై రెండు" అని అందించారు. జడ మెల్లగా ఒక్క గుంజు గుంజినట్టయింది. సితార నా జడలోని కనకాంబరాలను ఒక్కొక్కటే తెంపుకుని తింటోంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. మెడ కింది భాగం వీపుతో కలిసేచోట, మూపు మీద గోకమన్నారు. గుర్రాలు రెండు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపు ఒకటి పళ్ళతో గోక్కోవడం చూసే ఉంటారు. అక్కడ గోకితే గుర్రం గుండె నెమ్మదిస్తుందని 1993లో ఫ్రాన్సు నుంచి ఇద్దరు పరిశోధకులు కొలిచి మరీ చెప్పారు. సితార అయితే పై పెదవి ముందుకు సాచి, కళ్ళు సగం మూసి, నా భుజాన్ని తిరిగి గోకబోయేది. మూపు నుంచి మెడకు, మెడ నుంచి చెవి మొదలుకు, రోజుకు బెత్తెడు చొప్పున నా వేళ్ళు పైకి ఎక్కాయి. అది తల ఎత్తకముందే చెయ్యి తీసేయాలి. అది వద్దనేలోగా మనమే చాలించుకోవాలి. ఎప్పుడు చాలించాలో తెలుసుకోవడమే ఆ విద్యలో కష్టమైనది. నేను దాన్ని పిల్లల దగ్గర, ముసలివాళ్ళ దగ్గర, నెలల తరబడి మంచాన పడి ఉన్న మా అమ్మ దగ్గర కూడా వాడుకున్నాను.

శ్రావణమాసం చివరి శుక్రవారం, అమ్మ పెట్టిన పసుపు ఇంకా కాళ్ళకు ఉండగానే, గంటున్న చెవి నా గుప్పెట్లో ఇమిడింది. లోపల మెత్తటి నూగు. చెవి వేడిగా ఉంది. సితార తల దించి, నుదుటి చుక్క నా పొట్టకు ఆనించి, పెద్ద నిట్టూర్పు విడిచింది. నాలుగు రోజులకు మెత్తటి తాడు, పది రోజులకు కళ్ళెం. మొదటిసారి తలపట్టీ ఆ చెవి మీదుగా దాటించింది నా చేతులే. సాయిబు గారు పక్కన నిలబడి ఏదో దువా చదువుకుంటున్నారు.

ఇప్పుడు రాజమండ్రిలో జట్కాలు లేవు. కొవ్వూరుకు గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసి వెళ్ళే కొత్త వంతెన తెరిచిందీ ఆ 1974లోనే. తర్వాత బస్సులు పెరిగాయి, రిక్షాలు పెరిగాయి, ఆటోలు వచ్చాయి. స్టేషను ముందు వరుసగా నిలబడే జట్కాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. సితార మాత్రం తొమ్మిదేళ్ళు ఆ బండి లాగింది. నేను పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా నాయనమ్మ ఉత్తరాల్లో దాని యోగక్షేమాలు ఒక వాక్యంలో ఉండేవి. సాయిబు గారి పాక ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంది. వేపచెట్టు మాత్రం కొట్టేయలేదు.

సితార బండికి కట్టి మొదటిసారి బడికి వెళ్ళింది వినాయక చవితి అయిన తర్వాత. పొద్దున ఏ గొడవా లేకుండా గడిచింది. సాయంత్రం తిరిగి వస్తుంటే కోటగుమ్మం దగ్గర వాన అందుకుంది. రోడ్డంతా నల్లగొడుగులు. నేను ముందు, సాయిబు గారి పక్కన కూర్చున్నాను. బండికి కట్టినప్పుడు గుర్రం కళ్ళకు పక్కలు కనిపించకుండా గంతలు ఉంటాయి. ఇక చెవులే దాని కళ్ళు. ప్రతి గొడుగు చప్పుడుకూ ఆ చెవులు గిర్రున తిరిగేవి, తిరిగి మా వైపు వచ్చేవి. సాయిబు గారు పగ్గాలు వదులుగా పట్టుకుని, "చదువు" అన్నారు. నేను పద్దెనిమిదో ఎక్కం అందుకున్నాను. వెనుక ఉన్న అయిదుగురు పిల్లలూ గొంతు కలిపారు. అలా ఆరు గొంతుల ఎక్కంతో, వానలో, మా వీధి మొదటికి వచ్చాము.

అక్కడ నాన్నగారు నిలబడి ఉన్నారు. కోర్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతిలో కాగితాల సంచి. ఒంటి మీది చొక్కా శరీరానికి అతుక్కుపోయింది, తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొడుగు ఉంది. మడిచి, పిడి మాత్రం కనిపించేలా వీపు వెనుక దాచి పట్టుకున్నారు. బండి దగ్గరవుతుంటే ఆయన నెమ్మదిగా భుజం మా వైపు తిప్పి, చూపు నేల మీదికి దించి, రెండో చేతి వేళ్ళు వదులుగా వేలాడేసి నిలబడ్డారు. సితార ఆయన పక్క నుంచి వెళ్తున్నప్పుడు, ఆ గంటున్న చెవి ఒక్కటి అటు తిరిగింది.